వేలమ్మ చూడని గది

తల్లిదండ్రులు ఆవిడకి ఏదో ఒక పేరు పెట్టే ఉంటారు. హోటల్లో జీతాలిచ్చే గుమస్తాకి తప్ప అది ఎవరికీ గుర్తులేదు. అందరూ వేలమ్మ అనేవారు. ఎడమచేతి చూపుడువేలు తెచ్చిపెట్టిన పేరు అది. గదిలో అడుగుపెట్టగానే ఆ వేలు తనంతట తానే ముందుకు సాగి, తలుపు పైచట్రం మీద, టీవీ వెనక, మంచం తలాపు పలక మీద ఒక్కో గీత గీసి వచ్చేది. ఆ తర్వాత ఆవిడ దాన్ని వెలుతురులో పెట్టి చూసుకునేది. దుమ్ము కనిపిస్తే ఆ గది తుడిచిన మనిషి పని అయిపోయినట్టే. కనిపించకపోతే వేలమ్మకే తోచేది కాదు. ఎక్కడో ఉండే ఉంటుందని ఇంకోసారి గీసేది.

చుట్టాలింటికి వెళ్ళినా అదే వరస. ఒకసారి ఆడపడుచు ఉండబట్టలేక, "వదినా, కిటికీల సంగతి మేం చూసుకుంటాం గానీ నువ్వు టీ తాగు" అని మొహం మీదే అనేసింది. వేలమ్మ సిగ్గుపడి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. కాసేపటికి ఆ చెయ్యి సోఫా అంచు కింద తిరుగుతోంది. భర్త సెలూన్ నడిపేవాడు. కంగారంటే ఏమిటో తెలియని మనిషి. పెళ్ళాం పొద్దున ఇంటికి తాళం వేసి, నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కొచ్చి తాళం లాగి చూసి, వీధి మలుపు దాకా వెళ్ళి అక్కడ ఆగిపోతుంటే, "పద, నేను కూడా లాగి చూశాలే" అని అబద్ధం చెప్పి బస్సెక్కించేవాడు.

ఈ చాదస్తం ఊరికే రాలేదు. వేలమ్మ కూడా ఒకప్పుడు ఆ హోటల్లో దుప్పట్లు మార్చి, బాత్రూములు తోమి, ట్రాలీ తోసిన మనిషే. అప్పటి సూపర్‌వైజర్‌ని పెద్దమేడం అనేవారు. ఈ పిల్ల పనితనానికి ముచ్చటపడి ఆవిడ, "నీ గది నేను చూడక్కర్లేదులే" అని వదిలేసేది. అలా వదిలేసిన గదుల్లోనే ఒకదాంట్లో, మంచం కింద, అంతకుముందు దిగినవాళ్ళు పగలగొట్టిన గ్లాసు పెంకు ఒకటి మిగిలిపోయింది. సాయంత్రం వచ్చిన కుటుంబంలో ఒక పాప బంతి కోసం మంచం కింద చెయ్యి పెట్టింది. అరచెయ్యి తెగింది. పాప ఏడుపు వరండా చివరిదాకా వినిపించింది.

పెద్దమేడం వెళ్ళి మేనేజరు ముందు నిలబడి, "గది చూడాల్సింది నేను. చూడలేదు. తప్పు నాది" అని మొత్తం తన నెత్తిన వేసుకుంది. మర్నాడు వేలమ్మ గది శుభ్రం చేసి గుమ్మంలో వణుకుతూ నిలబడితే, పెద్దమేడం వచ్చి తలుపు చట్రం పట్టుకుని, "అయిందా?" అని అడిగింది. "అయింది మేడం. లోపలికొచ్చి చూడండి." "అయిందన్నావుగా" అని ఆవిడ పక్క గదికి వెళ్ళిపోయింది. ఎంత మంచితనమైతే మాత్రం ఇదేం పిచ్చి అనుకుంది వేలమ్మ. తను ఆ స్థానంలోకొస్తే చచ్చినా అలా చెయ్యనని ఒట్టు పెట్టుకుంది. కొన్నేళ్ళకి ఆ స్థానంలోకి రానే వచ్చింది. ఒట్టూ నిలబెట్టుకుంది. నిజానికి ఆవిడ నమ్మనిది తన కింద పనిచేసేవాళ్ళని కాదు. ఒళ్ళు దాచుకోకుండా చేసిన తనే పెంకు వదిలేసినప్పుడు, చెయ్యి తిరిగినవాళ్ళు కూడా ఎప్పుడో ఒకప్పుడు వదిలేస్తారని ఆవిడ భయం.

అలా ఉండగా హోటల్‌కి కొత్త మేనేజరు వచ్చాడు. కొత్తగా వచ్చినవాడు ఏదో ఒకటి మార్చకపోతే వచ్చినట్టు ఎవరికీ తెలియదు కదా! ఆయన కంట పడింది ఏమిటంటే, కింద బసకొచ్చినవాళ్ళు పెట్టెల మీద కూర్చుని గడియారం వంక చూస్తుంటే, పైన శుభ్రమైపోయిన గదులు వేలమ్మ వేలి కోసం ఖాళీగా పడి ఉంటున్నాయి. అంతస్తులో పనివాళ్ళందరినీ దుప్పట్ల గదిలోకి పిలిచి, ఇకమీదట ఎవరి గదికి వాళ్ళే పూచీ అన్నాడు. తుడిచిన మనిషే గది తయారైందని కిందకి ఫోన్ చెయ్యాలి. సూపర్‌వైజర్ చూడదు. "ఏమంటారమ్మా?" అని వేలమ్మ వైపు తిరిగాడు.

"అలాగే సార్. వీళ్ళని నేను నమ్ముతాను" అంది వేలమ్మ. మొదటి మాటతో ఆగి ఉంటే సరిపోయేది. రెండోది అనమని ఆవిడని ఎవరూ అడగలేదు.

ఆ మాటకి అందరికంటే ముందు మొహం వికసించింది దిండక్కకి. దిండ్లు సర్దడంలో ఆవిడకి సాటి లేదు. ఒక్క చరుపు చరిచి నిలబెడితే దిండు తలంటుకుని కూర్చున్న పెద్దమనిషిలా నిటారుగా కూర్చునేది. వేలమ్మా ఆవిడా ఒకే ఏడు ట్రాలీ పట్టారు. దిండక్క వయసులో కాస్త పెద్దది. పాప చెయ్యి తెగిన రోజు మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్న వేలమ్మకి మంచినీళ్ళు తెచ్చిచ్చి, కొంగుతో మొహం తుడిచింది ఆవిడే. వేలమ్మ సూపర్‌వైజరయ్యాక నలుగురిలో 'మేడం' అనేది, ఎవరూ లేనప్పుడు 'ఏమే' అనేది. ఆ 'ఏమే' చెవిన పడకపోతే వేలమ్మకి ఆ రోజు పనికొచ్చినట్టే ఉండేది కాదు.

"పూచీ నాదైనప్పుడు గుర్తు కూడా నాదే ఉండాలి సార్" అంది దిండక్క మేనేజరుతో. ఆ గుర్తేమిటో కూడా ఆవిడే చెప్పింది. బాత్రూంలో చేతులు కడుక్కునే తొట్టి పక్కన చిన్న తువ్వాలు పెడతారు కదా, దాన్ని ఒక్కొక్కరు ఒక్కో రకంగా మడవాలి. మడత చూస్తే గది ఎవరిదో తెలియాలి. దిండక్క ఆకు మడత తీసుకుంది, కొస అద్దం వైపు చూస్తూ. ఎప్పుడూ ఏదో ఒకటి గొణుక్కునే గొణుగుడమ్మ పడవ మడత తీసుకుంది. మిగతావాళ్ళు విసనకర్రలు, జేబులు, జడలు పంచుకున్నారు.

అంతే, అంతస్తు తీరే మారిపోయింది. పని పెరగలేదు, తగ్గలేదు, జీతం అదే, అయినా మనుషులు వేరేవాళ్ళయిపోయారు. గొణుగుడమ్మ గొణగడం మాని పాట అందుకుంది. ఎవరూ చెప్పకుండానే ఒకావిడ కర్రకి చింకిగుడ్డ చుట్టి బీరువాల వెనక దులిపింది. బసకొచ్చినవాళ్ళు రిసెప్షన్‌కి ఫోన్ చేసి, పోయినసారి మా గదిలో పడవ ఉంది, ఈసారీ పడవ గదే ఇవ్వండని అడగడం మొదలుపెట్టారు. ఆ మాట తెలిసిన రోజు గొణుగుడమ్మ కాళ్ళు నేల మీద ఆనలేదు. మేనేజరు తనే గొప్పవాడినని అనుకున్నాడు. అనుకోనిద్దాం.

సుఖంగా లేనిది వేలమ్మ ఒక్కతే. మొదటిరోజే పన్నెండు కొట్టేసరికి ఆవిడ వేలు దురద పెట్టడం మొదలైంది. వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ కాలు కాలిన పిల్లిలా తిరిగింది. తెరిచి చూడని తలుపులన్నీ తననే చూస్తున్నట్టు అనిపించింది. పనివాళ్ళు తిండికి కిందకి దిగారు. అన్ని గదులూ తెరిచే కార్డు ఆవిడ జేబులోనే ఉంది. ఒక్క గది చూద్దాం, మనసు కుదుటపడుతుంది అనుకుంది. కుదుటపడలేదు. ఇంకోటి చూసింది. వాళ్ళు చేతులు కడుక్కుని పైకొచ్చేలోపు అన్నీ చూసేసింది. మర్నాడూ అంతే. ఏదైనా దొరికితే గుండె దడదడలాడేది, దొరక్కపోతే ఏదో తప్పించుకుపోయిందని ఇంకా దడగా ఉండేది. చిన్న చిన్నవి తనే సరిచేసేది. తొట్టి పక్కన తడి ఉందేమోనని తువ్వాలు ఎత్తి చూసి, మళ్ళీ ఉన్నది ఉన్నట్టు మడిచి పెట్టేది. పడవని పడవలా, ఆకుని ఆకులా. ట్రాలీ తోసిన చేతులే కదా, ఏ మడతైనా వచ్చు. ఇంటికెళ్ళాక మాత్రం భర్త మొహంలోకి చూడకుండా కూరగాయలు తరిగేది.

ఒకరోజు కింద నుంచి ఫోన్ వచ్చింది, రాబోయే పెద్దాయనకి మెడనొప్పి, గదిలో ఇంకో దిండు పెట్టమని. దిండు మాట కాబట్టి దిండక్క తింటున్నది వదిలి పైకొచ్చింది. దిండు పెట్టి అలవాటుగా బాత్రూంలోకి తొంగిచూసింది. తన ఆకు అక్కడే ఉంది. కానీ కొస అద్దం వైపు లేదు, తలుపు వైపు తిరిగి ఉంది. కుడిచేత్తో మడిస్తే ఆకు అటు తిరగదు. ఆ అంతస్తు మొత్తం మీద ఎడమచేతివాటం మనిషి ఒక్కతే. దిండక్క తన పక్కగది కూడా తెరిచి చూసింది. అక్కడా ఆకు తలుపు వైపే ఉంది.

వేలమ్మ దుప్పట్ల గదిలో దొంతరలు సర్దుతుంటే దిండక్క వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"ఎప్పట్నుంచి చూస్తున్నావే?"

వేలమ్మకి అర్థం కానట్టు మొహం పెట్టడం కూడా చేతకాలేదు. "మొదట్నుంచీ."

"అందరివీనా?"

"అందరివీ. కానీ అక్కా, నీ గదుల్లో ఎప్పుడూ ఏమీ దొరకలేదు. ఒట్టు."

"దొరకలేదని సంతోషించమంటావా?" దిండక్క గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "ఇన్నేళ్ళూ ఎదురుగా నిలబడి చూశావు. ఏనాడైనా ఏమైనా అన్నానా? నీ పని అది, చూశావు. ఇప్పుడు నమ్ముతున్నానని అందరిలో చెప్పి, నేను అక్కడ నోట్లో ముద్ద పెట్టుకుంటుంటే ఇక్కడ దొంగలా..." అని ఆగిపోయి, తలుపు తీసి, గుమ్మంలోంచి అంది: "వస్తాను మేడం గారూ. మీకు పనుంటుంది."

ఆ గదిలో మూడోమనిషి లేదు. అయినా మేడం గారూ అంది. 

మర్నాటికి సంగతి అందరికీ తెలిసిపోయింది. అంతస్తులో ఒక్క గదిలోనూ మడత లేదు. తువ్వాళ్ళు కొక్కేలకి బల్లపరుపుగా వేలాడుతున్నాయి. ఎవరూ దెబ్బలాడలేదు, ఎవరూ పని ఎగ్గొట్టలేదు. చెప్పింది చెప్పినట్టు చేశారు, చెప్పనిది చెయ్యలేదు. పైగా ప్రతిదానికీ ఆవిడనే పిలిచారు. "మేడం, ఈ లైటు ఆర్పమంటారా, ఉంచమంటారా?" "మేడం, కిటికీ తెర ఇంతవరకూ లాగాను, చాలా?" గొణుగుడమ్మ మరీను. అటు చివరి గదిలోంచి కేకపెట్టి వేలమ్మని పరిగెత్తించి, "దిండు నిలబెట్టనా మేడం, పడుకోబెట్టనా?" అని అడిగింది. వేలమ్మకి తలప్రాణం తోకకొచ్చింది. బీరువాల వెనక మళ్ళీ దుమ్ము చేరింది. ఆ చింకిగుడ్డ కర్ర ఏమైందని అడిగితే, "మీరెలాగూ చూస్తారుగా మేడం" అన్నారు.

వేలమ్మ ఒక పొద్దున అందరినీ పిలిచి, "తప్పయింది. ఇక చూడను, నన్ను నమ్మండి" అంది.  అందరూ ట్రాలీల వైపు తిరిగారు. గొణుగుడమ్మ మాత్రం నేల వంక చూస్తూ, అందరికీ వినపడేలా గొణిగింది. "మొన్నా ఇలాగే ఏదో అన్నారు కదా."

కింద పెట్టెల మీద కూర్చునేవాళ్ళు మళ్ళీ పెరిగారు. మేనేజరు పిలిపించాడు. "మీ అంతస్తుకి ఏమైందమ్మా? నిన్నమొన్నటిదాకా మిగతా అంతస్తులవాళ్ళకి మిమ్మల్నే చూపించాను."  ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు. దిండక్క వచ్చే వారం నుంచి తనని కింద బట్టలుతికే విభాగానికి మార్చమని అడిగిందట. అడిగినప్పుడు కారణం చెప్పలేదట. "అక్కడ ఆవిరి, వేడి, ఈ వయసులో ఎందుకమ్మా అన్నాను. వినలేదు."

ఆ సాయంత్రం వేలమ్మ తిన్నగా సెలూన్‌కి వెళ్ళి మూల బెంచీ మీద కూర్చుంది. భర్త ఒకాయనకి గడ్డం గీస్తున్నాడు. ఆయన కళ్ళు మూసుకుని, మెడ వెనక్కి వాల్చి, సన్నగా గురక కూడా పెడుతున్నాడు. ఆయన లేచి వెళ్ళాక వేలమ్మ జరిగిందంతా చెప్పుకుంది. భర్త కత్తి తుడుస్తూ విన్నాడు.

"నా కుర్చీలో కొందరు కూర్చుంటారు. కళ్ళు మూయరు. అద్దంలో కత్తి వంకే చూస్తుంటారు. చెయ్యి కదిలినప్పుడల్లా మెడ బిగబడుతుంది. నా చేతిలో ఎప్పుడైనా ఎవరికైనా తెగిందీ అంటే వాళ్ళకే తెగింది."

"అంటే తప్పంతా నాదేనంటావు."

"నీది కాదన్నానా?" అన్నాడు ఆయన. పెళ్ళాన్ని ఓదార్చడం తెలియని మనిషి కాదు. ఆ రోజు ఓదార్చబుద్ధి కాలేదు.

దిండక్క ఆ అంతస్తులో పనిచేసే ఆఖరి వారం వచ్చింది. సరిగ్గా అప్పుడే హోటల్లో కళ్ళ డాక్టర్ల మహాసభ పెట్టుకున్నారు. హోటలంతా నిండిపోయింది. తువ్వాలు మీద నూలుపోగు కూడా కనిపెట్టే మనుషులని రిసెప్షన్‌లో అప్పుడే జోకులేసుకుంటున్నారు. ఆ రోజు దిండక్క తన గదులన్నీ ముగించి ట్రాలీ దుప్పట్ల గదిలో పెట్టి, వేలమ్మ ఎదురుగా నిలబడింది.

"ఒక మాట మేడం గారూ. ఇవాళ నా గదుల్లో ఒకదాంట్లో ఒక తప్పు వదిలాను. కావాలనే."

వేలమ్మ చేతిలో దుప్పటి పక్కన పడేసింది. "ఏ గది?"

"చెప్పను."

"అక్కా... గాజు గానీ..."

"ఎవరికీ గీత కూడా పడదు. అంత పాపిష్టిదాన్ని కాను. కానీ తప్పు తప్పే. చూసినవాళ్ళు చూస్తారు, ఫోన్ చేసేవాళ్ళు చేస్తారు."

"ఇవాళే దొరికిందా నీకు? కళ్ళ డాక్టర్లు వస్తుంటే!"

"తప్పు లేని గదిని నమ్మడానికి మీరెందుకు, ఎవరైనా నమ్ముతారు. ఉందని తెలిసీ వదలగలరేమో చూద్దామని. కార్డు మీ జేబులోనే ఉంది. సాయంత్రం వచ్చి అడుగుతాను, చూశారా లేదా అని. చూశానంటే నాకేం కోపం లేదు, కింద ఉతుక్కుంటాను." అని దిండక్క తిండికి వెళ్ళిపోయింది.

తర్వాత ఆ మధ్యాహ్నం వేలమ్మ ఎలా గడిపిందో ఆవిడకే తెలియాలి. కూర్చుంది, లేచింది. సర్దిన దుప్పట్లు తీసి మళ్ళీ సర్దింది. వరండాలోకి వెళ్ళి దిండక్క గదుల తలుపులన్నిటి ముందునుంచీ నడిచి వచ్చింది. తప్పు ఏమై ఉంటుంది? సబ్బు పెట్టలేదా? దుప్పటి తిరగేసి పరిచిందా? మంచం కింద ఎవరిదైనా పాత మేజోడు వదిలేసిందా? తలచుకున్నకొద్దీ తప్పు పెరుగుతోంది. మేజోడు కాస్తా బొద్దింకయింది. బొద్దింక ఉన్న గదిలోకి మహాసభ అధ్యక్షుడు దిగాడు. ఆయన మేనేజరుకి ఫోన్ చేశాడు. వేలమ్మ ఉద్యోగం పోయింది. ఇదంతా ఆవిడ దుప్పట్ల గది నుంచి లిఫ్టు దాకా నడిచేలోపే జరిగిపోయింది.

డాక్టర్లు రావడం మొదలుపెట్టారు. దుప్పట్ల గదిలో ఫోన్ మోగింది. వేలమ్మ ఉలిక్కిపడి అందుకుంది. ఇంకో నీళ్ళ సీసా కావాలట. మళ్ళీ మోగింది. వైఫై ఎలా పెట్టుకోవాలో తెలియట్లేదట. మూడోసారి మోగినప్పుడు ఆవిడ చెయ్యి చెమటకి జారింది. పొరపాటున చేశామన్నారు.

ఇక ఆగలేకపోయింది. దిండక్క గదుల్లో ఇంకా ఎవరూ దిగని గది ఒకటి ఉంది, వరండా మలుపులో. తప్పు అందులోనే ఉండి ఉంటుందని ఆవిడకి ఎందుకో గట్టిగా అనిపించింది. ఒక్క గదే, ఒక్క నిమిషమే, తువ్వాలు ముట్టుకోను అనుకుంది. కార్డు పెట్టింది. పచ్చలైటు వెలిగింది. పిడి మీద చెయ్యి వేసి, రెండో చేత్తో ఆసరాగా తలుపు చట్రం పట్టుకుంది. గట్టిగా పట్టుకున్న ఆ చెయ్యి ఆవిడ కంటపడింది. వేళ్ళ కణుపులు తెల్లబడి ఉన్నాయి.

ఆ చెయ్యి ఆవిడ ఇంతకుముందు చూసింది. పెద్దమేడం చెయ్యి. పాపకి దెబ్బ తగిలిన మర్నాడు గుమ్మంలో నిలబడి, "అయిందన్నావుగా" అన్నప్పుడు పెద్దమేడం చట్రాన్ని ఇలాగే, కణుపులు తెల్లబడేలా పట్టుకుంది. వేలమ్మ ఆ రోజు చూసింది గానీ పట్టించుకోలేదు. ఆవిడ నిశ్చింతగా వదిలేసిందనే ఇన్నేళ్ళూ అనుకుంది. మంచితనమో, మతిమరుపో అనుకుంది. ఎంత పొరపాటు! ఆవిడ భయంతో చచ్చిపోతూ వదిలింది. లోపలికొచ్చి చూడాలని ప్రాణం కొట్టుకుంటుంటే, గుమ్మం పట్టుకుని తనని తాను ఆపుకుంది. పెంకు వదిలేసిన పిల్లని మర్నాడే అలా నమ్మింది కాబట్టే ఆ పిల్ల మళ్ళీ చీపురు పట్టగలిగింది. అది తెలియని ఆ పిల్ల ఇన్నేళ్ళూ వేలితో గోడలు గీసుకుంటూ తిరిగింది. వేలమ్మకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తలుపు మీద పచ్చలైటు కాసేపు చూసి ఆరిపోయింది.

ఆవిడ పిడి మీంచి చెయ్యి తీసింది. నెమ్మది మాత్రం రాలేదు. వేలు దురద పెడుతూనే ఉంది. వెనక్కొచ్చి కార్డుని దుప్పట్ల దొంతర అడుగున పెట్టి, ఆ దొంతర మీద తనే కూర్చుంది.

సాయంత్రం దిండక్క బట్టలు మార్చుకుని, సంచి భుజాన వేసుకుని వచ్చింది.

"చూశారా?"

"మలుపు గది దాకా వెళ్ళాను. కార్డు పెట్టాను. పచ్చలైటు వెలిగింది."

"తర్వాత?"

"ఆరిపోయింది. లోపలికి వెళ్ళలేదు."

దిండక్క ఆవిడ మొహంలోకి చూసింది. సంచి సర్దుకుని వెనక్కి తిరిగింది.  గుమ్మం దాకా వెళ్ళాక దిండక్క, "ఏమే, పొద్దుట్నుంచీ ఏమైనా తిన్నావా లేదా? మొహం చూడు, ఎలా పీక్కుపోయిందో" అంది.

మర్నాడు ఆకులన్నీ అద్దం వైపు చూస్తున్నాయని మిగతావాళ్ళు వచ్చి చెప్పారు. వేలమ్మ వెళ్ళి చూడలేదు. దిండక్క తనకి కింద వేడి పడదని ఇప్పుడే గుర్తొచ్చిందని మేనేజరుతో అంది. ఆయన తన మాట వల్లే ఆగిపోయిందని సంతోషించాడు. పడవలూ విసనకర్రలూ ఒక్కసారిగా రాలేదు. గొణుగుడమ్మ అన్నిటికంటే ఆఖరున మడిచింది, అదీ వంకరగా, మూతి విరుచుకుంటూ. తర్వాతి సంవత్సరాల్లో ఆ అంతస్తులో తప్పులు జరగలేదని కాదు. జరిగాయి. చేసినవాళ్ళే పరిగెత్తుకుంటూ వచ్చి చెప్పేవాళ్ళు. వేలమ్మ వేలు మాత్రం చివరిదాకా మానలేదు. పాపం, లిఫ్టు బొత్తాల మీదా, బస్సు కిటికీల మీదా గీసుకుని సరిపెట్టుకునేది.

దిండక్క ఉద్యోగం మానేసిన రోజున వేలమ్మ ఆవిడని బస్సెక్కించడానికి వెళ్ళింది. ఇద్దరికీ జుట్టు నెరిసింది. బెంచీ మీద పక్కపక్కన కూర్చున్నారు. బస్సు ఎంతకీ రాలేదు.

"ఆ తప్పు ఏ గదిలోనో ఇన్నేళ్ళల్లో ఒక్కసారైనా అడుగుతావనుకున్నాను" అంది దిండక్క. "ఇప్పుడైనా చెప్పనా?"

"వద్దు" అంది వేలమ్మ ఠక్కున. తర్వాత బెంచీ అంచు మీద వేలు ఒకసారి అటూ ఇటూ తిప్పి, ఉండబట్టలేక, "గది వద్దులే. మంచం దగ్గరా, బాత్రూంలోనా? అంత మాత్రం చెప్పు చాలు" అంది.

దిండక్క పగలబడి నవ్వింది. కళ్ళు తుడుచుకుని, "నువ్వు నయం. ఒక్క మధ్యాహ్నం ఓర్చుకున్నావు. మరి ఇన్నేళ్ళూ నా సంగతో?" అంది.

"నీ సంగతేంటి?"

"లోపలికి వెళ్ళలేదన్నావు. వెళ్ళావో లేదో నేను చూశానా?"

వేలమ్మ అదిరిపడి ఆవిడ వైపు తిరిగింది. "అక్కా! నేను నిజంగానే వెళ్ళలేదు. పచ్చలైటు వెలిగింది, ఆరిపోయింది, అంతే. నీ మీద ఒట్టు!"

"ఒట్లెందుకే? నేనేమైనా అడిగానా?" అని దిండక్క ఆ ఎడమచేతి చూపుడువేలిని తన చేతిలోకి తీసుకుని, మెల్లగా మడిచి, బస్సొచ్చేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది.